ఎనిమిదో బొత్తాం

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ నోటుబుక్కు లేత్ మిషన్ పని కొలతలు రాసుకోవడానికి పెట్టుకున్నది. వెనక పేజీ నుంచి మొదలుపెడుతున్నాను. ముందు పేజీల్లో ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.

ఆదివారం మోటారుసైకిళ్ల కొండ పోటీలో మా ఆయన బండి మీంచి పడ్డారు. బ్రేకు తొక్కే కాలే, కుడిది, మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. స్పృహ పోలేదు. ఎత్తుతున్నవాళ్లతో మొదట అన్న మాట, "వెనక బ్రేకు లేదు." ఆయన ఆస్పత్రికి చేరేలోపే ఆ మాట ఇంటికి చేరింది.

వెనక డిస్క్ చేసింది నేను.

ఇవాళ సాయంత్రం పాలబండి దాన్ని సిమెంటు సంచిలో వేసుకొచ్చాడు. పొద్దున పాలు పోస్తాడు, సెలవు రోజున కొండ ఎక్కుతాడు, ఆయనకి స్నేహితుడు. పాలబండి అని తప్ప వేరే పేరుతో అతన్ని ఎవరూ పిలవరు. "మాస్టారు వచ్చి చూస్తారంట వదినా. అందాకా ఇంట్లో పెట్టమన్నారు" అన్నాడు.

అత్తయ్య గడపలోనే నిలబడ్డారు.

"అదేనా ఆ గజ్జెల చక్రం?"

"అదే అత్తయ్యా."

"బండి కదిలితే చాలు, గలగల. మోగేది నిలవదని ఆ రోజే అన్నాను. నా మాట ఎవరికి కావాలి."

పాలబండి సంచి కింద పెట్టి చెప్పకుండా వెళ్లిపోయాడు.

రింగు నీలం తిరిగింది. అద్దం పలక మీద పెడితే ఒక పక్క అగ్గిపుల్ల దూరేంత లేచింది. రింగుకీ మధ్య బిళ్లకీ నడుమ ఎనిమిది బొత్తాలు, గుండ్రటి రివెట్లు. అక్కడ వేలితో నెడితే రింగు కదలాలి. కదల్లేదు. ఒకటో బొత్తాం నుంచి ఏడో దాకా చూశాను. అన్నీ బిగిసిపోయి ఉన్నాయి. వేడికి పట్టేసి ఉంటాయి.

ఎనిమిదోది చూడలేదు. వెలుతురు చాలలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

మాస్టారు వచ్చారు. టెక్నికల్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పోటీకి ముందు ప్రతి బండీ ఆయన చేతి కిందనుంచి పోవాల్సిందే. స్టూలు వేశాను, కూర్చోలేదు.

"గురువారం తనిఖీలో నేనే వేలు పెట్టి చూశానమ్మా. కదిలింది. కదిలేదాన్ని ఎలా పంపావని పోటీ కమిటీవాళ్లు నన్నూ అడుగుతున్నారు."

"అది కదలాలి మాస్టారూ."

"సరే. మరి ఇప్పుడు కదలడం లేదే?"

"వేడికి పట్టేసి ఉంటుంది."

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని నా వైపు చూశారు. "వేడికి తట్టుకుంటుందనే కదమ్మా దీన్ని చేశావు. వేడికే పట్టేస్తే ఇంక దేనికిది?"

మామయ్య షెడ్డులో అటు వైపు కొలిమి దగ్గర ఉన్నారు. షెడ్డు ఒకటే, సగం ఆయన కొలిమి, సగం నా లేత్. తల తిప్పకుండానే అన్నారు, "రివెట్ అంటే బిగువు మాస్టారూ. కదిలేదాన్ని రివెట్ అనరు. ముసలాడి పన్ను అంటారు."

మాస్టారు నవ్వారు. నవ్వాక నా ముఖం చూసి ఆపేశారు.

ఇరవయ్యో తారీకున కమిటీ కూర్చుంటుందట. షాపుల్లో చేసిన డిస్క్‌లు ఇకమీదట పోటీలకి వద్దని రాసేద్దామని వాళ్లలో ముగ్గురు అప్పుడే అనుకున్నారట. ఈ చుట్టుపక్కల షాపులో చేసేదాన్ని నేనొక్కదాన్నే. ఆరు బండ్లకి నా డిస్క్‌లు ఉన్నాయి, మా ఆయనది కాక. అవి విప్పించమని మాస్టారు ఇప్పటికే చెప్పారు.

మాస్టారు వెళ్లాక అత్తయ్య అన్నారు, "వాళ్లు వద్దంటే ఆ లేత్ కూడా వద్దు. అక్కడ వాడికి మంచం వేద్దాం. గాలి బాగా వస్తుంది."

లేత్ మా నాన్నది. ఆయన పోయాక లారీలో వచ్చింది. దాన్ని దింపడానికి తొమ్మిదిమంది పట్టారు. తీయాలంటే ఎంతమంది కావాలో అత్తయ్య ఇంకా ఆలోచించినట్టు లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

రాళ్ల దెబ్బ. ఎనిమిదో బొత్తాం మీద ఉన్న గుర్తు రాళ్ల దెబ్బే.

ఫిబ్రవరి 7, శుక్రవారం

కమిటీకి ఇవ్వాల్సిన కాగితం ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

"కమిటీ వారికి. కొండ దిగేటప్పుడు వెనక బ్రేకు మీంచి కాలు తీయకుండా రావాలి. దానివల్ల డిస్క్ బాగా కాలుతుంది. కాలిన ఇనుము పెరుగుతుంది. బండితో వచ్చే డిస్క్ ఒకే ముక్క. అంచు కాలి పెరుగుతుంది, మధ్య భాగం అంత పెరగదు. చోటు లేక అంచు వంకర పోతుంది. నేను చేసేది రెండు ముక్కలు. బయట ఇనప రింగు, లోపల అల్యూమినియం బిళ్ల. వాటిని ఎనిమిది బొత్తాలు కలిపి పట్టుకుంటాయి, బిగించవు. పోస్టుకార్డు మందం ఆట, అంటే కదిలే సందు, ఉంటుంది. రింగు కాలి పెరిగినా వంగదు. బ్రేకు ప్యాడ్ల మధ్య తన చోటు తనే చూసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మోగేది ఆ ఆట వల్లే. దీన్ని ఫ్లోటింగ్ డిస్క్ అంటారు. ఇది నేను కనిపెట్టింది కాదు. చాలాచోట్ల ఉన్నదే. మన కొండకి తగ్గట్టు చేశాను, అంతే. చేసిన ప్రతి డిస్క్‌నీ క్వారీ రోడ్డు మీద నేనే నడిపి చూశాకే ఇచ్చాను."

ఇంతవరకు బాగానే వచ్చింది. ఇనుముకి చోటు మనం ఇవ్వకపోతే అదే చేసుకుంటుందని మా నాన్న అనేవారు. ఆ మాట కూడా పెడదామనుకుని మానేశాను. కమిటీకి మా నాన్న ఎవరో తెలియదు.

ఇక మిగిలింది ఒకటే. అంత బాగా చేసినదైతే ఎందుకు వంగింది అని అడుగుతారు. దానికి జవాబు రాయాలి.

రేపు రాస్తాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆయన్ని ఇంటికి తెచ్చాం. తొడ దాకా కట్టు.

మధ్యాహ్నం డిస్క్ అడిగారు. ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో ఒక్కో బొత్తామే తడుముతూ వచ్చారు. చివరి దాని మీద వేలు ఆగింది. చాలాసేపు ఆగింది.

"సంచిలో పెట్టెయ్" అన్నారు. గోడ వైపు తిరుగుదామనుకున్నారు గానీ కాలు తిరగనివ్వలేదు.

కిందికి దిగుతుంటే ఏం జరిగిందని అడిగాను. సగం దారి నుంచి ప్యాడ్లు పట్టుకుని లాగుతున్నట్టే ఉందట. తర్వాత పెడల్ మెత్తబడింది. మూడో మలుపు దగ్గర తొక్కితే అడుగు దాకా పోయింది, కింద ఏమీ లేదట. నాకు తెలుసు. రింగు వంకర పోయి ప్యాడ్లకి రాసుకుంది. ఆ వేడికి బ్రేకు నూనె మరిగిపోయింది. నూనె మరిగాక పెడల్ తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే.

ఎందుకు వంకర పోయిందని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

అయిదుగురు డిస్క్‌లు విప్పి ఇచ్చేశారు. ఒకడు గోనెలో చుట్టి గేటు దగ్గర పెట్టి పోయాడు, పిల్లి పిల్లల్ని వదిలేసినట్టు. మామయ్య చూసి, "వదులుగా చేస్తే వదిలేసే పోతారు" అన్నారు. ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందో, టీ తాగుతూ మళ్లీ ఒకసారి అన్నారు.

పాలబండి మాత్రం విప్పలేదు. "ఈ డిస్క్‌తో రెండేళ్లు తిరిగాను వదినా, ఒక్క చుక్క పాలు ఒలకలేదు. కమిటీవాళ్లు కావాలంటే పాలు మానుకోమను" అన్నాడు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఇప్పుడు ఉలిపికట్టెలం ఇద్దరం.

ఫిబ్రవరి 12, బుధవారం

గుర్తు గురించి రాస్తాను. రాయకపోతే కాగితం పూర్తి కాదు.

మామయ్య సుత్తికి ముఖం మీద ఒక పక్క అంచు ఎగిరిపోయి ఉంది. నేను ఈ ఇంటికి రాకముందే ఎగిరిందట. మార్చమంటే మార్చరు. చేతికి అలవాటైన సుత్తి, పెళ్లాం కన్నా పాతది అంటారు. దెబ్బ కొంచెం పక్కకి పడితే గోరుతో గిల్లినట్టు వంకీ పడుతుంది. అది తలుపు గొళ్లెం మీద ఉంది. బావి గిలక మీద ఉంది. గరిటె కాడ మీద ఉంది. ఈ ఇంట్లో ఆ వంకీ లేని ఇనుము నా లేత్ ఒక్కటే.

ఎనిమిదో బొత్తాం మీద కూడా ఉంది.

రాళ్ల దెబ్బ కాదు. మొదటి రోజు సాయంత్రం వెలుతురు బాగానే ఉంది.

మామయ్య దాచలేదు. దాచాలని ఆయనకి తోచి ఉండదు. మోగుతోంది కాబట్టి వదులైందనుకున్నారు. కొడుకు ఎక్కే బండి కాబట్టి బిగించారు. యాభై ఏళ్లు రివెట్లు కొట్టిన మనిషికి కదిలే రివెట్ కనపడితే చెయ్యి ఊరుకోదు. ఎనిమిది బొత్తాల తలలూ అణగగొట్టి, కింద స్ప్రింగ్ వాషర్లు చదును చేసి, పోస్టుకార్డు మందం ఆటని మూసేశారు. ఇప్పటికీ తను కొట్టబట్టే అది విడిపోకుండా ఆగిందని అనుకుంటున్నారు. పొద్దున అత్తయ్యతో అంటుంటే విన్నాను, "నేను చూసుకోబట్టి సరిపోయింది, లేకపోతే చక్రమే ఊడేది."

ఫిబ్రవరి 13, గురువారం

"మీరు గుర్తు చూశారు" అన్నాను ఆయనతో.

"ఏం గుర్తు?"

"మీ వేలు దాని మీద ఆగింది. నేను చూశాను."

గొంతు తగ్గించి అన్నారు, "ఆయనకి డెబ్భై రెండేళ్లు. ఈ చుట్టుపక్కల ప్రతి గేటూ ప్రతి పారా ఆయన చేతి పనే. నలుగురిలో నిలబెట్టి, నీ కొడుకు కాలు నువ్వే విరగ్గొట్టావని చెప్పమంటావా?"

"నన్ను నిలబెట్టొచ్చా?"

"నువ్వు చిన్నదానివి. తట్టుకుంటావు. ఇది కాకపోతే ఇంకో పని."

"నువ్వేం మాట్లాడుతున్నావో నీకైనా వినపడుతోందా?"

నువ్వు అన్నాను. పెళ్లయిన పన్నెండేళ్లలో మొదటిసారి. ఆయనకి దానికి కోపం వచ్చింది, మిగతాదానికి రాలేదు.

అత్తయ్య అవతల గదిలోంచి, "ఏంటక్కడ?" అని అరిచారు.

"ఏం లేదమ్మా, దిండు సర్దుతోంది" అన్నారు ఆయన.

నేను దిండు సర్దలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇది కమిటీ కాగితంలో రాయడానికి కాదు.

పోటీకి ముందు రోజు, శనివారం. పొద్దున పార బాగు చేయించుకోవడానికి ఎవరో వచ్చి, లేత్ చూసి, ఇదేం మిషనని అడిగాడు. మామయ్య చెప్పారు, "అది మా కోడలిది. అక్కడ చేసినవి కదులుతాయి, ఇక్కడ చేసినవి నిలుస్తాయి." వచ్చినవాడు పగలబడి నవ్వాడు. నేను మామయ్యతో మాట్లాడ్డం మానేశాను. మధ్యాహ్నం దాకా ఒక్క మాట లేదు.

భోజనాలయ్యాక లేత్ మీద బుష్ తీస్తున్నాను. అటు వైపు నుంచి సుత్తి చప్పుడు. మూడు దెబ్బలు, ఆగడం. మూడు దెబ్బలు, ఆగడం. చేతిలో పని చేతిలోనే ఉంది, చెవి మాత్రం అటు పోయింది. పొద్దున వచ్చిన పార అనుకున్నాను.

ఎనిమిది సార్లు విన్నాను. పారకి రెండే రివెట్లు.

నా లేత్ నుంచి బండి ఉన్న చోటికి పదకొండు అడుగులు. లేచి వెళితే నేనే ముందు మాట్లాడినట్టవుతుంది.

విన్నాను. లెక్కపెట్టాను. లేవలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

మా ఆయన మీద కోపం తగ్గలేదు. కానీ తగ్గకుండా ఉండడానికి ఇంతకు ముందున్నంత హక్కు లేదు. అయినా తగ్గదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఒక పని చేశాను.

నా దగ్గర రెండు కొత్త డిస్క్‌లున్నాయి, ఇంకా ఎవరికీ ఇవ్వనివి. ఒకటి తీసుకెళ్లి మామయ్య దాగలి దిమ్మె మీద పెట్టాను.

"మామయ్యా, ఇది కాస్త బిగించి పెడతారా?"

ఆయన ముఖం వెలిగింది. అది చూసి ఒక్క క్షణం వద్దులే అనిపించింది. "ఇప్పటికి దారికొచ్చావు" అంటూ సుత్తి తీశారు. మూడు దెబ్బలు, ఆగడం. ఎనిమిది సార్లు. చివరి దెబ్బ పక్కకి పడింది. వంకీ పడింది. "చూడు, రాయిలా ఉంది. వాడి బండికి కూడా ఇలాగే కొట్టాను. అది ముందే చేయించుకుని ఉంటే ఇంకా బాగుండేది."

"ఇప్పుడు వేడి పని ఉందా మామయ్యా? నాకు పది నిమిషాలు గ్యాస్ మంట కావాలి."

"దేనికి?"

"చూద్దురుగాని."

బిగించిన డిస్క్‌ని లేత్‌కి పట్టించి మెల్లగా తిప్పుతూ అంచు చుట్టూ మంట చూపించాను. కొండ దిగే బండికి ఎంత కాలుతుందో అంత, నీలం తిరిగేదాకా. ఆపి, చల్లారాక అద్దం పలక మీద పెట్టాను. ఒక పక్క లేచింది. వేలితో నొక్కితే టక్కుటక్కుమని ఊగింది. రెండోది, ఎవరూ ముట్టుకోనిది, అలాగే కాల్చాను. అలాగే చల్లార్చి పలక మీద పెట్టాను. కాగితం కూడా దూరలేదు.

మామయ్య వంగి చూశారు. నొక్కారు. రెండోది నొక్కారు. మళ్లీ మొదటిది.

"ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా వేసేటప్పుడు ఎందుకు కాలుస్తారు మామయ్యా?" అన్నాను.

"ఎందుకేంటి, కాలిస్తే పెరుగుతుంది. పెరిగితేనే చెక్క మీద కూర్చుంటుంది. నీళ్లు కొడితే..."

అక్కడ ఆగిపోయారు. వాక్యం పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యాల్సిన పని కూడా లేదు. ఇనుము పెరుగుతుందని ఈ ఇంట్లో ఆయనకన్నా బాగా ఎవరికీ తెలియదు. ఇలా ఎన్ని వందల చక్రాలకి పట్టాలు వేశారో ఆయనే చెప్తుంటారు.

సుత్తి దాగలి మీద పెట్టి బయటికి వెళ్లారు. భోజనానికి పిలిస్తే రాలేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

మామయ్య మాట్లాడలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

మాట్లాడలేదు. కొలిమి వెలిగించలేదు. అత్తయ్య నన్ను అడిగారు, "ఏమన్నావే ఆ మనిషిని?"

"బండి చక్రం గురించి అడిగానత్తయ్యా."

"దానికే ఇలా అయిపోతారా ఎవరైనా?"

మామయ్య మంచం మీంచి, "నువ్వూరుకో" అన్నారు. ఆవిడనో నన్నో తెలియలేదు. ఇద్దరం ఊరుకున్నాం.

కాగితం పూర్తి చేశాను. మామయ్య పేరు పెట్టలేదు. ఆయన కోసం కాదు. వంగింది నా డిస్క్ తప్పు వల్ల కాదని చెప్పడానికి ఆయన పేరు అక్కర్లేదు, అందుకని.

ఇది నిజమో కాదో రేపు మళ్లీ చదివి చూస్తాను.

ఫిబ్రవరి 20, గురువారం

టెక్నికల్ స్కూలు వర్క్‌షాపులో కూర్చున్నారు. బల్ల వెనక అయిదుగురు, మాస్టారు మధ్యలో. బల్ల మీద మా ఆయన బండి డిస్క్. నేను తీసుకెళ్లిన రెండూ పక్కన పెట్టాను. పాలబండి వస్తానన్నవాడు రాలేదు.

కాగితం చదవడం మొదలుపెట్టాను. సగంలో మడిచేశాను.

"డిస్క్‌లో తప్పు లేదు. వేడికి పట్టేసిందని మాస్టారితో చెప్పాను, అది అబద్ధం. పోటీకి ముందు రోజు సుత్తితో బొత్తాలు బిగించారు. ఆ చప్పుడు నేను విన్నాను. లేచి వెళ్లి చూడలేదు. తప్పు రాయాలంటే అది రాయండి. డిస్క్ మీద రాయకండి."

"బిగించిందెవరమ్మా?" అన్నారు మాస్టారు.

"విన్నాను. చూడలేదు."

చివర కూర్చున్నాయన నవ్వాడు. "బాగుంది. పిల్లికి ఎలుక సాక్ష్యం లాగుంది. చేసిందీ నువ్వే, తప్పు లేదన్నదీ నువ్వే."

అప్పుడే బయట పాలక్యాన్ల చప్పుడు. పాలబండి వెనక సీటు మీద, రెండు క్యాన్ల మధ్య ఇరుక్కుని మామయ్య. దిగడానికి కాసేపు పట్టింది. లోపలికి వచ్చి ఎవరినీ పలకరించకుండా సుత్తి బల్ల మీద పెట్టారు.

"చూడలేదు గాని తెలుసు దానికి. మా ఇంట్లో గరిటెని అడిగినా చెప్తుంది" అన్నారు. "ఎనిమిదో దాని మీద వంకీ ఉంటుంది. సరిచూసుకోండి."

మాస్టారు భూతద్దం తీశారు. సుత్తి అంచు, బొత్తాం, మళ్లీ సుత్తి అంచు. భూతద్దం అయిదుగురి చేతుల్లోంచీ పోయింది.

"మీకు తెలియదా ఇది కదలాలని?" అని అడిగారు ఒకాయన.

"చెప్పింది. నాకు రెండేళ్ల నుంచి చెప్తూనే ఉంది." మామయ్య నా వైపు చూడలేదు. "ఇనుము పెరుగుతుందని నమ్మే బతికాను నేను. వేసిన ప్రతి చక్రానికీ నమ్మాను. ఈ చిన్న చక్రం దగ్గర నమ్మలేదు. కోడలు చేసింది కదా."

నవ్వినాయన భూతద్దం తుడిచి మాస్టారికి ఇచ్చాడు.

"మాటలు సరిపోవు" అన్నారు మాస్టారు చివరికి. "ఆదివారం కొండ మీద చూద్దాం. పై నుంచి కింద దాకా వెనక బ్రేకు ఒక్కటే. మూడు సార్లు. ఎవరు నడుపుతారు?"

పాలబండి చెయ్యెత్తబోయాడు.

"నేను" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మామయ్య క్యాన్ల మధ్య ఎక్కనన్నారు. ఇద్దరం నడిచాం. చాలా దూరం వచ్చాక అన్నారు, "విన్నదానివి లేచి ఒక్క మాట అనుంటే?"

"మీరు నన్ను ఒక్క మాట అడిగుంటే?"

"అదీ నిజమే" అన్నారు. దాని తర్వాత ఇంటి దాకా ఏమీ లేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

అత్తయ్యకి మామయ్యే చెప్పారు. ఆవిడ టీ గ్లాసు ఆయన ముందు పెట్టిన చప్పుడు షెడ్డు దాకా వినపడింది. నాతో అన్నది ఇది, "ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పెట్లు తప్పవని ఊరికే అన్నారా. నువ్వు ఇనుమో అగ్గో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు."

లేత్ దగ్గర మంచం మాట మళ్లీ ఎత్తలేదు.

ఆయన అడిగారు, "నాన్నని నువ్వే రమ్మన్నావా?"

"లేదు."

"మరి నువ్వెందుకు నడపడం?"

"మీ కాలు బాగుంటే మీరు నడుపుదురు."

అది తప్ప చెప్పడానికి చాలా ఉంది. చెప్పలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

సుత్తి తగలని రెండో డిస్క్‌ని బండికి వేసుకున్నాను. మొదటిసారి దిగేటప్పుడు ఏమీ అనిపించలేదు. దారి చూసుకోవడమే సరిపోయింది.

రెండోసారి భయమేసింది. ఆయన పడ్డ మూడో మలుపు. రాయి మీద బండి రంగు ఇంకా ఉంది. పెడల్ మీద పాదం ఉంది, దాని కింద గట్టిగా ఉంది, అయినా లేదేమో అనిపించింది. తొక్కాను. ఉంది. మళ్లీ తొక్కాను, ఉండడం చూసుకోవడానికి. ఉంది.

మూడోసారి దిగుతుంటే కాలిన వాసన. ముందు బ్రేకు మీద వేలు కూడా పెట్టలేదు. పెడతానేమోనని చూడ్డానికి మాస్టారు మలుపుకో మనిషిని నిలబెట్టారు.

కింద ఆపాను. డిస్క్ నీలంగా ఉంది. మామయ్య వంగి దాని మీద ఉమ్మేశారు. చుయ్‌మంది. కమిటీలో ఒకాయన మొహం చిట్లించాడు. "కొలిమిలో థర్మామీటర్ ఇదే" అన్నారు మామయ్య.

చల్లారేదాకా అందరం నీడలో నిలబడ్డాం. తర్వాత మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని రింగు వేలితో నెట్టారు.

"కదులుతోంది" అన్నారు.

పోయిన పోటీ తర్వాత ఆయన ఇదే మాట నేరంలా అన్నారు. ఇవాళ మామూలుగా అన్నారు. నాకు అది చాలు.

హ్యాండిల్ వదిలాక నా వేళ్లు వాటంతటవే మూసుకుపోతున్నాయి. జేబుల్లో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

కమిటీ కాగితం వచ్చింది. డిస్క్‌లు పెట్టుకోవచ్చు. ఒక షరతు, చేసినవాళ్ల పేరు ప్రతి డిస్క్ మధ్య బిళ్ల మీద కొట్టి ఉండాలి.

ఆయన మంచం మీంచి అన్నారు, "షాపు పేరు కొట్టు. నాన్న పేరు మీదే ఉంది కదా, బాగుంటుంది."

"షాపు పేరు కొడితే షాపు బిగిస్తుంది" అన్నాను.

మామయ్య గట్టిగా నవ్వారు. పది రోజుల్లో మొదటిసారి. మా ఆయన నవ్వలేదు.

విప్పి ఇచ్చినవాళ్లలో ముగ్గురు మళ్లీ వచ్చారు. గోనెలో చుట్టి పెట్టినవాడు రాలేదు, వాళ్ల అన్నని పంపాడు. విప్పి ఇచ్చిన అయిదూ, పాలబండిదీ, నేను నడిపిందీ, మొత్తం ఏడు బిళ్లలు వరసగా పెట్టి అక్షరాల పంచ్‌లు తీశాను. మామయ్య తన సుత్తి తెచ్చి ముందు పెట్టారు.

"దీంతో కొట్టు. బరువు సరిగ్గా ఉంటుంది."

"వద్దు మామయ్యా. దానికి దాని గుర్తు ఉంది."

ఆయన సుత్తి వెనక్కి తీసుకుపోయారు. నా సుత్తితోనే కొట్టాను. నా పేరు. కింద రెండో వరసలో "బిగించరాదు" అని. దాన్ని కమిటీ అడగలేదు.

పాలబండి వచ్చి తన చక్రం బిగించుకున్నాడు. బండి తోసుకుంటూ పోతుంటే గలగల వీధి మలుపు దాకా వినపడింది. "పోతోంది గజ్జెల చక్రం" అన్నారు అత్తయ్య లోపలి నుంచి, ఎవరితోనూ కాదు.

లేత్ దగ్గరికి వచ్చాను. కాసేపటికి అటు వైపు నుంచి సుత్తి చప్పుడు. మూడు దెబ్బలు, ఆగడం. మూడు దెబ్బలు.

లేత్ ఆపి, లేచి వెళ్లాను.

మామయ్య తలెత్తలేదు. చేతిలో ఉన్నదాన్ని నాకు కనపడేలా కొంచెం తిప్పారు.

పార.